గిటార్ యాంప్‌లో బేస్ వాయిస్తే ఏం పాడవుతుంది?

కొత్తగా బ్యాండ్ పెట్టుకున్న కుర్రాళ్లలో ముందుగా జేబు ఖాళీ అయ్యేది బేస్ వాయించేవాడికే. గిటార్ వాయించేవాళ్లు ఇద్దరు ముగ్గురుంటారు కాబట్టి ఎవరో ఒకరి దగ్గర యాంప్ ఉంటుంది. కీబోర్డును మైక్ సెట్‌కి తగిలిస్తే నడిచిపోతుంది. డ్రమ్స్‌కి కరెంటే అక్కర్లేదు. బేస్ గిటార్‌ని మాత్రం ఉత్తినే మీటితే పక్కన కూర్చున్నవాడికి కూడా సరిగ్గా వినపడదు. ఉన్నదంతా ఊడ్చి బేస్ కొన్నాక దానికి తగ్గ యాంప్ కొనాలంటే మళ్లీ అంత ఖర్చు. అప్పుడు చూపు మూలనున్న గిటార్ యాంప్ మీదికి పోతుంది. జాక్ అదే, కేబుల్ అదే. పెట్టి చూద్దామని చెయ్యి చాచేలోపు ఎవరో ఒకరు అరుస్తారు: "ఒరే, పెట్టకు! పేలిపోద్ది!"

పేలదు. అయితే ఆ అరుపు ఉత్త పుకారు కూడా కాదు. ఏ భాగానికి ముప్పు, ఎంత గట్టిగా వాయిస్తే ముప్పు అన్నది తెలిస్తే, ఆ మూలనున్న యాంప్‌తోనే చాలాకాలం లాక్కురావచ్చు.

యాంప్ అని మనం పిలిచే పెట్టెలో నిజానికి రెండు వేర్వేరు యంత్రాలుంటాయి. ఒకటి, గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని పెంచే ఎలక్ట్రానిక్స్. రెండు, ఆ కరెంటును గాలి కదలికగా మార్చే స్పీకర్. బేస్ వల్ల మొదటిదానికి వచ్చే ఇబ్బంది దాదాపు లేనట్టే. సెకనుకు 41 సార్లు ఊగే సిగ్నల్ అయినా, 400 సార్లు ఊగేదయినా ట్రాన్సిస్టర్‌కి ఒకటే. సిగ్నల్ మరీ గట్టిదైతే శబ్దం బొంగురుపోతుంది, అంతే. వాల్వ్ యాంప్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదయితే కింది స్వరాల్లో పట్టు తగ్గి మెత్తగా వినిపిస్తుంది. దానివల్లా ఏమీ కాలిపోదు. పైగా గిటార్ యాంప్ తయారుచేసేవాళ్లు కెపాసిటర్ల విలువలు తగ్గించి, కింది స్వరాలను స్పీకర్ దాకా రానివ్వకుండా దారిలోనే కొంత వడకట్టేస్తారు.

ఇక స్పీకర్ దగ్గరికి వద్దాం. కథంతా ఇక్కడే ఉంది.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావుతీగ, అంటే E తీగ, సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. గిటార్ లావుతీగ దానికి సరిగ్గా రెట్టింపు, 82 హెర్ట్జ్. గిటార్ సన్నతీగ 330. ఈ అంకెల మధ్య దూరం చూడ్డానికి పెద్దగా అనిపించదు. కానీ స్పీకర్ కోన్ పడే శ్రమ ఈ అంకెలకు సమానంగా పెరగదు. కోన్ ఎంత దూరం కదిలిందన్నది ఒక్కటే చాలదు, ఎంత విసురుగా కదిలిందన్నదాన్ని బట్టి మన చెవికి చేరే గాలి ఒత్తిడి ఉంటుంది. విసనకర్రను మెల్లగా ఊపేటప్పుడు అంతే గాలి కావాలంటే చెయ్యి బారుగా చాపి ఊపాలి కదా, ఇదీ అలాంటిదే. లెక్కలో చెప్పాలంటే, పౌనఃపున్యం సగమైతే అంతే శబ్దం కోసం కోన్ నాలుగు రెట్ల దూరం కదలాలి. గిటార్ సన్నతీగకీ బేస్ లావుతీగకీ మధ్య ఎనిమిది రెట్ల తేడా ఉంది. అంటే కోన్ 64 రెట్ల దూరం ముందుకీ వెనక్కీ పరుగెత్తాలి.

దీన్ని కళ్లారా చూడొచ్చు. చిన్న గిటార్ యాంప్‌లలో చాలావాటికి వెనక తలుపు సగమే ఉంటుంది. వెలుతురు పడేలా తిప్పి, వాల్యూమ్ కొద్దిగా పెట్టి, బేస్ సన్నతీగ మీద 12వ ఫ్రెట్ నొక్కి మీటండి. శబ్దం స్పష్టంగా వస్తుంది, కోన్ మాత్రం కదిలినట్టే ఉండదు. ఇప్పుడు వాల్యూమ్ ముట్టుకోకుండా లావుతీగను ఖాళీగా మీటండి. కోన్ అంచు మసకబారినట్టు ఊగుతూ కనిపిస్తుంది. చెవికి రెండూ ఒకేలా అనిపించినా, లేదా లావుతీగే కాస్త తక్కువగా వినిపించినా, స్పీకర్ మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ దూరం నడుస్తోంది.

ఆ నడకకు ఒక హద్దుంది. కోన్ వెనక అతికించిన రాగి తీగచుట్టను వాయిస్ కాయిల్ అంటారు. అది అయస్కాంతంలోని సన్నని గాడిలో ఊగుతుంది. బేస్ స్పీకర్‌లో ఈ చుట్టను పొడుగ్గా చుడతారు. అందుకే అది అటూ ఇటూ నాలుగైదు మిల్లీమీటర్లు కదిలినా గాడిలో ఎప్పుడూ తగినంత రాగి ఉంటుంది. గిటార్ స్పీకర్‌లో చుట్ట పొట్టిది. సుమారుగా ఒక మిల్లీమీటర్ దాటిందంటే చుట్టలో కొంత భాగం గాడి బయటికి వచ్చేస్తుంది, అయస్కాంతం పట్టు సడలుతుంది. అక్కడి నుంచి వచ్చేది బేస్ స్వరం కాదు, బర్‌ర్‌మని ఒక చిరుగు శబ్దం. ఇంకా తోస్తే కాయిల్ పోయి వెనక ఇనప పలకకు టక్కున తగులుతుంది. ఒకసారి తగిలితే బహుశా ఏమీ కాదు. రోజూ సాయంత్రం గంటసేపు తగిలితే చుట్ట సొట్టపోతుంది, జిగురు వదులుతుంది, కోన్‌ను మధ్యలో నిలబెట్టే ముడతల గుడ్డ అలసిపోతుంది. పేలడమని జనం అనేది ఇదే. అంతా నిదానంగా జరిగే అరుగుదల.

ఇది గిటార్ స్పీకర్ లోపం అనుకుంటే పొరపాటు. కాయిల్ పొట్టిగా, కోన్ పల్చటి కాగితంతో ఉంటేనే బరువు తగ్గి, ఒక్క వాట్‌కే గట్టిగా మోగుతుంది. మంచి గిటార్ స్పీకర్ ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ దాకా పలుకుతుంది. 80 హెర్ట్జ్ కింద ఏమీ వాయించని వాద్యానికి ఇంతకంటే మంచి బేరం లేదు.

డబ్బా మీద రాసిన వాట్ల సంఖ్య ఇక్కడ మోసం చేస్తుంది. 60 వాట్ల స్పీకర్ కదా, 40 వాట్ల యాంప్ ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. ఆ 60 అన్నది కాయిల్ ఎంత వేడిని తట్టుకుంటుందో చెప్పే అంకె. 41 హెర్ట్జ్ దగ్గర కోన్ కదలిక హద్దు అంతకంటే చాలా ముందే వచ్చేస్తుంది. 12 అంగుళాల కోన్ అటూ ఇటూ ఒక్కో మిల్లీమీటర్ కదిలితే 41 హెర్ట్జ్ దగ్గర మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో లెక్క కట్టి చూడండి: 88 డెసిబెల్స్‌కి అటూ ఇటూగా తేలుతుంది. అది కూడా వెనక మూసిన పెట్టెలో. పక్కన డ్రమ్మర్ ఉత్సాహంగా వాయిస్తే సులువుగా 100 దాటుతాడు. దీనికి తోడు మన చెవి కూడా కింది స్వరాల దగ్గర మొద్దుగానే ఉంటుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రచురించిన వక్రరేఖలు చూపించింది ఇదే. 1000 హెర్ట్జ్ స్వరం రెండు మూడు డెసిబెల్స్‌కే వినపడుతుంది. 40 హెర్ట్జ్ స్వరం వినపడడం మొదలయ్యేదే 50 డెసిబెల్స్ దగ్గర.

వెనక తెరిచి ఉన్న పెట్టెలో ఇంకో చిక్కుంది. కోన్ ముందుకు తోసినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలుచనవుతుంది. 41 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిది మీటర్లకు పైమాటే. అంత పొడవున్న తరంగానికి అడుగున్నర వెడల్పు పెట్టె అడ్డే కాదు. ముందు నొక్కుకున్న గాలి పక్కనుంచి చుట్టూ తిరిగి వెనక ఖాళీని పూడ్చేస్తుంది, రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. కోన్ విపరీతంగా ఊగుతున్నా గదిలో బేస్ ఉండదు. సరిపోవట్లేదని బేస్ నాబ్ ఇంకా తిప్పుతాం. స్పీకర్లు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే.

మరి ఇంత కష్టమైతే 70 ఏళ్లుగా జనం గిటార్ స్పీకర్లలోంచి బేస్ ఎలా వాయిస్తున్నారు? వింటున్నవాళ్లకు వెలితి ఎందుకు తెలియడం లేదు?

ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ పక్కవాద్యంలా కాకుండా మరో గాయకుడిలా నడుస్తుంది. 1989లో 'గీతాంజలి' వచ్చినప్పుడు ఆ పాటలు మనలో చాలామంది విన్నది రేడియోల్లో, చిన్న టేప్ రికార్డర్లలో. వాటిలో ఉండేవి అరచేయంత స్పీకర్లు. 41 మాట అటుంచండి, 100 హెర్ట్జ్ కూడా సరిగ్గా పలకలేవు. అయినా ఆ బేస్ నడక వినపడింది, కూనిరాగం తీయగలిగాం. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ కూడా అంతే. అది 300 హెర్ట్జ్ కింద ఏదీ పంపేది కాదు. మగవాళ్ల గొంతు మూలస్వరం సుమారు 100 నుంచి 130 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే ఫోన్‌లో నాన్నగారి గొంతు మూలస్వరం అసలు రాలేదు. అయినా ఆయన గొంతు ఆడగొంతులా వినపడలేదు.

కారణం మెదడు చేసే ఒక లెక్క. తీగను మీటినప్పుడు 41 ఒక్కటే పుట్టదు. దానితోపాటే 82, 124, 165, 206, ఇలా సమాన దూరాల్లో హార్మోనిక్స్ పుడతాయి. నిజానికి బేస్ లావుతీగలో చాలాసార్లు 41 కంటే 82 దగ్గరే బలం ఎక్కువ. కింది 41 అసలు చెవిన పడకపోయినా, పైన ఉన్నవన్నీ 41 తేడాతో వరుసగా ఉన్నాయని మెదడు పసిగట్టి ఆ స్వరం 41దే అని నిర్ణయిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ జేబెక్ 1840లలోనే సైరన్‌తో ప్రయోగాలు చేసి ఈ వింతను గమనించాడు. ఓమ్ నియమం పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆ ఓమ్ గారితో దీని మీద పెద్ద వాదమే నడిచింది. 1940 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో షౌటెన్ మళ్లీ తవ్వి తీసేదాకా జేబెక్ మాట మరుగునే పడి ఉంది.

ఖరీదైన బేస్ యాంప్‌లు కూడా ఈ లెక్క మీదే బతుకుతున్నాయి. రాక్ వేదికల మీద మనిషెత్తు నిలబడే యాంపెగ్ కంపెనీ ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్ సంగతే చూడండి. దాని స్పెసిఫికేషన్ ప్రకారమే 58 హెర్ట్జ్ దగ్గరికే శబ్దం 3 డెసిబెల్స్ పడిపోతుంది, 40 దగ్గర 10. బేస్ క్యాబినెట్లలో రారాజు అనిపించుకున్నదే మూలస్వరాన్ని సగంలో వదిలేస్తుంటే, 15 వాట్ల గిటార్ యాంప్‌ని 41 పలకమని పీడించడం అన్యాయం.

కాబట్టి డబ్బు తక్కువున్న బేసిస్ట్ చేయాల్సిన పని, మూలస్వరాన్ని స్పీకర్ నుంచి ఆశించకుండా వినేవాడి మెదడుకు వదిలేయడం. బేస్ నాబ్‌ను సగానికి బాగా కిందికి దించండి, అవసరమైతే సున్నా దాకా. మిడ్ పెంచండి. ట్రెబుల్ మీ ఇష్టం. విచిత్రంగా అనిపిస్తుంది గానీ, మోటర్‌హెడ్ బ్యాండ్ లెమ్మీ దశాబ్దాలపాటు చేసింది ఇదే. మార్షల్ యాంప్‌లో బేస్ నాబ్‌ను కిందికి దించేసి, మిడ్‌ను పూర్తిగా తిప్పి పెట్టేవాడు. ఆయన దగ్గర 100 వాట్ల యాంప్‌లు, పెద్ద పెద్ద క్యాబినెట్లు ఉండేవనుకోండి, ఆ మాట వేరు. కానీ పాఠం చిన్న యాంప్‌కి కూడా పనికొస్తుంది.

చేతివాటం కూడా చాలా మారుస్తుంది. తీగను మెడ దగ్గర మీటితే మూలస్వరం ఎక్కువ, బ్రిడ్జ్ వైపు జరిగి మీటితే హార్మోనిక్స్ ఎక్కువ. రెండు పికప్‌లున్న బేస్ అయితే వెనక పికప్ వైపు మొగ్గండి. బొటనవేలితో తీగను చరిచే స్లాప్ మాత్రం గిటార్ యాంప్‌లో వద్దు. ఆ దెబ్బ మొదటి క్షణంలో సిగ్నల్ ఎంత ఎత్తుకు లేస్తుందో చెవి గుర్తుపట్టేలోపే కోన్ హద్దు దాటేస్తుంది. ఎవరి దగ్గరైనా కంప్రెసర్ పెడల్ దొరికితే అడిగి పెట్టుకోండి, అది ఆ శిఖరాలను అణచివేస్తుంది. యాంప్‌ను కుర్చీ మీద కాకుండా నేల మీద, గోడకు దగ్గరగా, వీలైతే గది మూలలో పెట్టండి. నేల, గోడలు కింది స్వరాలను తిప్పికొట్టి ఊరికే కొన్ని డెసిబెల్స్ కలిపి ఇస్తాయి. వీటన్నిటికంటే ముఖ్యం, ఇందాక చెప్పిన బర్‌ర్ శబ్దం. అది వినపడిన క్షణం వాల్యూమ్ తగ్గించాలి. డిస్టార్షన్ ఛానెల్ ఆన్ చేస్తే ఆ హెచ్చరిక ఆ గోలలో కలిసిపోతుంది, అందుకని క్లీన్ ఛానెల్‌లోనే ఉండడం మేలు.

చరిత్రలో ఓ తమాషా ఉంది. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చి, మరుసటి ఏడాది దానికోసమే బాస్‌మన్ అనే యాంప్ చేశాడు. మొదట్లో 15 అంగుళాల స్పీకర్ ఒకటే ఉండేది. 1950ల నడుమ నాలుగు 10 అంగుళాల స్పీకర్లు వచ్చాయి. బేసిస్టుల కోసం చేసిన ఆ యాంప్‌ను గిటారిస్టులు ఎగరేసుకుపోయారు, వాల్యూమ్ పెంచితే అందులో గిటార్ అంత బాగా చిరుగుతుంది మరి! 1962లో లండన్‌లో డ్రమ్స్ షాపు నడిపే జిమ్ మార్షల్, కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లతో కలిసి తన మొదటి యాంప్ కోసం నమూనాగా తీసుకున్నది దీన్నే. అంటే రాక్ గిటార్ శబ్దం అని ప్రపంచం చెప్పుకునేది ఒక బేస్ యాంప్ కడుపున పుట్టింది. లోపలి సర్క్యూట్‌లో గిటార్‌కీ బేస్‌కీ మధ్య పెద్ద గోడ లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంట్లో సాధన వరకే అయితే అసలు స్పీకరే వద్దంటాను. యాంప్‌కి హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటే చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ తగిలించండి. 40 మిల్లీమీటర్ల బుల్లి కోన్ 12 అంగుళాల స్పీకర్ చేయలేని పని చేస్తుంది. గది గాలిని కదిలించాలంటే విసురు కావాలి గానీ, చెవికీ కుషన్‌కీ మధ్య చిక్కిన గుప్పెడు గాలిని నొక్కడానికి కోన్ కాస్త జరిగితే చాలు. నాలుగు రెట్ల లెక్క ఇక్కడ వర్తించదు. అందుకే కుషన్ చెవికి ఆనకుండా కాస్త ఎత్తగానే బేస్ మాయమవుతుంది.

డ్రమ్మర్‌తో కలిసి వాయించాలంటే కథ వేరు. శబ్దం రెండింతలైనట్టు అనిపించాలంటే పవర్ సుమారు పదింతలు కావాలి. 15 వాట్ల గిటార్ యాంప్ ఆ పోటీలో నిలవదు. అక్కడ యాంప్ కోసం పాకులాడే బదులు, వాద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కి సరిపోయేలా మార్చే డీఐ బాక్స్ ద్వారా బేస్‌ను నేరుగా మిక్సర్‌కి పంపి, హాల్లో ఉన్న పెద్ద స్పీకర్లలో వినిపించడం మంచిది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ రికార్డుల్లో జేమ్స్ జేమర్సన్ బేస్ చాలావరకు నేరుగా రికార్డింగ్ బోర్డులోకే వెళ్లింది. అద్దెకు మైక్ సెట్ తెచ్చినప్పుడు గొంతులకు పెట్టే పొడుగాటి హారన్లు మాత్రం ఇందుకు పనికిరావు, డబ్బా స్పీకర్లే అడగండి. కీబోర్డ్ యాంప్ దొరికితే అదీ బాగుంటుంది. కీబోర్డు కూడా కిందిదాకా వెళ్లే వాద్యమే కాబట్టి దాని స్పీకర్‌ను ఆ లెక్కలోనే చేస్తారు.

లేదూ, యాంప్ పెద్దదే ఉంది, స్పీకరే గిటార్‌ది అంటారా? అప్పుడు స్పీకర్ల సంఖ్య పెంచడం దారి. నాలుగు స్పీకర్లుంటే కదలాల్సిన దూరాన్ని నలుగురూ పంచుకుంటారు. వెనక పూర్తిగా మూసిన నాలుగు 12 అంగుళాల స్పీకర్ల క్యాబినెట్‌లో లోపల చిక్కిన గాలి స్ప్రింగ్‌లా కోన్‌లను పట్టి ఉంచుతుంది కూడా. బయటి క్యాబినెట్ తగిలించేటప్పుడు ఓమ్‌లు చూసుకోండి. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే 4 అవుతుంది. యాంప్ వెనక కనీసం 8 అని రాసి ఉంటే అలా కలపకూడదు. వాల్వ్ యాంప్‌ని స్పీకర్ లేకుండా ఎన్నడూ ఆన్ చేయొద్దు, అక్కడ నిజంగానే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. క్యాబినెట్‌కి గిటార్ కేబుల్ కాకుండా స్పీకర్ కేబుల్ వాడాలి.

సెకండ్ హ్యాండ్ గిటార్ యాంప్ కొనబోతుంటే, ఇంతకుముందు దానిలో ఎవరైనా బేస్ వాయించి అరగదీశారేమో తెలుసుకోవడానికి యాంప్ ఆఫ్ చేసి, కోన్ మీద రెండు చేతుల వేళ్లనూ ఎదురెదురుగా ఆనించి, సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. చెవి దగ్గర పెట్టి వినండి. ఏ చప్పుడూ లేకుండా లోపలికి వెళ్లి తిరిగొస్తే కాయిల్ నిటారుగానే ఉంది. ఇసుక రాపిడిలా గరగరమంటే ధర తగ్గించమని బేరం పెట్టకుండా బయటికొచ్చేయండి, ఎందుకంటే స్పీకర్ మార్పించే ఖర్చు మీ నెత్తినే పడుతుంది. అయిదు తీగల బేస్ ఉన్నవాళ్లకి ఇంకో మాట: దాని అడుగుతీగ 31 హెర్ట్జ్. 41కి చెప్పిన లెక్క ప్రకారం అక్కడ కోన్ ముప్పాతిక వంతు అదనంగా కదలాలి. గిటార్ యాంప్‌లో వాయిస్తున్నంతకాలం ఆ అడుగుతీగ స్వరాలను ఒక ఆక్టేవ్ పైన వాయించుకోండి.